సింథ్ మాడ్యూల్స్ మనమే సోల్డర్ చేసుకోవాలా, రెడీమేడ్ కొనాలా? ఏడు మాడ్యూల్స్ తర్వాత నా ఒపీనియన్

ఏడాది వీకెండ్లు, సుమారు 300 గంటలు, చేతి మీద మూడు కాలిన మచ్చలు, ఏడు మాడ్యూల్స్. ఈ టైమ్‌లో నేను పూర్తి చేసిన మ్యూజిక్ ట్రాక్ ఒకే ఒక్కటి. అది కూడా ఆ ఏడు మాడ్యూల్స్‌తో చేసింది కాదు.

కాబట్టి "డీఐవై సూపర్, అందరూ కట్టేసుకోండి" టైప్ ఆర్టికల్ కాదిది. అలాగని "టైమ్ వేస్ట్, కొనేయండి" అని కూడా అనను. రెండు వైపులా చేయి కాల్చుకున్నాక నాకు అర్థమైంది ఏంటంటే, మనం అడగాల్సిన ప్రశ్న ఇది కాదు. ఆ సంగతికి వస్తాను, కానీ ముందు బేసిక్స్.

సింథ్ అంటే కీబోర్డే అనుకునేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు సింథసైజర్ లాప్‌టాప్ లాంటిది, అన్నీ ఒకే బాడీలో ఫిక్స్ అయి వస్తాయి. మాడ్యులర్ సింథ్ అసెంబుల్డ్ పీసీ లాంటిది. సౌండ్ పుట్టించే ఆసిలేటర్ ఒక మాడ్యూల్, ఆ సౌండ్‌ని చెక్కే ఫిల్టర్ ఇంకొకటి, వాల్యూమ్‌ని కంట్రోల్ చేసే వీసీఏ మరొకటి. వీటన్నిటినీ ఒక కేస్‌లో బిగించి 3.5 ఎంఎం కేబుల్స్‌తో కలుపుకోవాలి. అవును, మన ఫోన్ల నుంచి మాయం చేసేసిన అదే జాక్ సైజు. ఇక్కడ మాత్రం ఒక్కో మాడ్యూల్‌కి అయిదారు ఉంటాయి!

ఇప్పుడు ఎక్కువమంది వాడేది యూరోరాక్ అనే ఫార్మాట్. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ తన ఏ-100 సిస్టమ్‌తో మొదలుపెట్టాడు. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల యూనిట్ల లెక్కన, పవర్ ప్లస్ 12, మైనస్ 12 వోల్ట్‌లు. ఈ కొలతలు అందరికీ తెలుసు కాబట్టి పెద్ద కంపెనీ అయినా, నాలాగా హాల్లో డైనింగ్ టేబుల్ ఆక్రమించుకునేవాడైనా మాడ్యూల్ తయారు చేసి అదే కేస్‌లో పెట్టుకోవచ్చు. సొంతంగా కట్టుకోవడం కూడా కొత్తేం కాదు. అమెరికాలో పయా అనే కంపెనీ 1970లలోనే సింథ్ కిట్స్‌ని పోస్టులో అమ్మేది. ఇప్పుడైతే మోరిట్జ్ క్లైన్ అనే యూట్యూబర్, లాట్వియా కంపెనీ ఎరికా సింథ్స్ కలిసి తెచ్చిన కిట్స్ ఉన్నాయి. వాటి మాన్యువల్ చదివితే సర్క్యూట్ ఎందుకలా ఉందో బ్రెడ్‌బోర్డ్ దగ్గర్నుంచి చెప్తారు.

ఇక అందరూ చెప్పే మొదటి కారణం: "కట్టుకుంటే చీప్".

నా మొదటి వీసీఓ, అంటే వోల్టేజ్‌తో కంట్రోల్ అయ్యే ఆసిలేటర్, లెక్క చెప్తా. సోల్డరింగ్ స్టేషన్ 2,600 రూపాయలు, మల్టీమీటర్ 950, సోల్డర్, ఫ్లక్స్, విక్, సక్షన్ పంప్ కలిపి 1,150, చిన్న ఆసిలోస్కోప్ 4,200. టూల్స్‌కే 8,900. తర్వాత పీసీబీలు (ఒకటి కావాలన్నా అయిదు ఆర్డర్ చేయాల్సిందే), జాక్‌లు, పాట్లు, ఐసీలు, ప్యానెల్ కలిపి ఇంకో 4,800. మొత్తం 13,700. దాదాపు అదే పని చేసే రెడీమేడ్ మాడ్యూల్ డ్యూటీ, షిప్పింగ్‌తో కలిపి నాకు 11,000కి ఇంటికొచ్చేది.

"టూల్స్ ఒకసారే కదా మామా, తర్వాత అంతా మిగులే" అన్నాడు మా రూమ్మేట్. సరే, ఏడాది మొత్తం లెక్కే చూద్దాం. ఏడు మాడ్యూల్స్‌కి టూల్స్‌తో సహా 52,000 అయింది. అవే రెడీమేడ్ కొంటే సుమారు 60,000. మిగిలింది 8,000. దాన్ని 300 గంటలతో భాగిస్తే గంటకి 27 రూపాయలు కూడా పడలేదు. పైగా ఆ 52,000లో కొంత భాగం ఇప్పటికీ డ్రాయర్‌లో రెసిస్టర్ల రూపంలోనే ఉంది. రెండు కావాలంటే వంద ప్యాకెట్ కొనే జబ్బు ఈ హాబీలో అందరికీ అంటుకుంటుంది.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి కోఠి గుజరాతీ గల్లీ ఉంది కదా అంటారు. ఉంది, నాకు చాలా ఇష్టం కూడా. బీసీ547 ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు, టీఎల్072 ఆప్-ఆంప్‌లు రెండు టీల డబ్బులకి దొరుకుతాయి. కానీ సింథ్‌కి కావాల్సిన నిలువు పీసీబీ జాక్‌లు, పొట్టి పాట్లు, టెంప్‌కో రెసిస్టర్లు నాకు అక్కడ దొరకలేదు. టెంప్‌కో అంటే షాపులో అన్న నన్ను ఒకసారి ఎగాదిగా చూసి "థర్మిస్టర్ ఇయ్యాల్నా?" అన్నాడు. తప్పు ఆయనది కాదు, అడిగేవాళ్ళు ఉంటేగా. చివరికి విదేశాల నుంచి తెప్పించుకున్నా. నలభై రూపాయల పార్ట్‌కి షిప్పింగ్ అంతకు పదింతలు.

అంటే డబ్బు మిగులుతుందని మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మరి నేనెందుకు ఆపలేదు?

నాది ఈసీఈ బ్యాచ్. లైనియర్ ఐసీ అప్లికేషన్స్ ల్యాబ్‌లో 741 ఆప్-ఆంప్‌తో ఇంటిగ్రేటర్ చేయాలి. మేం చేసింది ఏంటంటే, సీనియర్ రికార్డ్ తెచ్చుకుని రీడింగ్స్ దించేయడం, గ్రాఫ్ అందంగా గీయడం. వైవాలో "వర్చువల్ గ్రౌండ్ అంటే?" అని అడిగితే డెఫినిషన్ అప్పజెప్పేశాను. అది నిజంగా ఏంటో తెలిసింది ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకి, రాత్రి పదకొండింటికి, మిక్సర్ మాడ్యూల్‌లో ఒక ఛానెల్ తిప్పితే ఇంకో ఛానెల్ వాల్యూమ్ ఎందుకు మారట్లేదో ఆలోచిస్తున్నప్పుడు.

అంతకంటే ముందు సీడీ40106 అనే ఐసీ. అందులో ఆరు ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్లు ఉంటాయి. ఒకదానికి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ తగిలిస్తే చాలు, ఆసిలేటర్ రెడీ. రెసిస్టర్ బదులు పాట్ పెట్టి తిప్పితే కీచుమని పిచ్ పైకీ కిందకీ వెళ్తుంది. ఆ రోజు ఆ చెత్త సౌండ్‌ని అరగంట విన్నాను. ఆఫీసులో నేను రాసిన కోడ్ ఎక్కడో క్లౌడ్‌లో ఏదో సర్వీస్‌లో రన్ అవుతుంది, నేను దాన్ని ఎప్పుడూ చూడను. ఇది నా వేలు కింద పలికింది. దీనికి గంటకి 27 రూపాయల లెక్క కట్టలేం, నిజమే.

కానీ ఆ కీచుమనే సౌండ్ వేరు, శ్రుతిలో ఉండే వీసీఓ వేరు. రెండింటి మధ్యే నాకు రెండు నెలలు పట్టింది. ఈ ముక్క కొంచెం డీటెయిల్‌గా చెప్తాను, ఎందుకంటే "యూట్యూబ్ చూసి వీకెండ్‌లో చేసేయొచ్చు" అనేవాళ్ళు దాటేసేది దీన్నే.

యూరోరాక్‌లో రూల్ ఏంటంటే, ఇన్‌పుట్ ఒక వోల్ట్ పెరిగితే పిచ్ సరిగ్గా ఒక ఆక్టేవ్ పెరగాలి, అంటే ఫ్రీక్వెన్సీ డబుల్ అవ్వాలి. అంటే ఒక్కో సెమీటోన్‌కి 83 మిల్లీవోల్ట్‌లు. ఈ డబుల్ చేసే పని ట్రాన్సిస్టర్‌తో చేయిస్తారు. రూమ్ టెంపరేచర్ దగ్గర బేస్-ఎమిటర్ వోల్టేజ్ సుమారు 18 మిల్లీవోల్ట్‌లు పెరిగితే దాని కరెంట్ రెట్టింపవుతుంది, కాబట్టి వచ్చిన ఒక వోల్ట్‌ని 18 మిల్లీవోల్ట్‌లకి తగ్గించి ఇస్తే సరిపోతుంది. అందమైన ట్రిక్. చిక్కు ఏంటంటే, ఆ 18 అనేది టెంపరేచర్‌తో పాటు మారుతుంది. డిగ్రీకి దాదాపు 0.33 శాతం.

దీన్ని సరిచేయడానికే టెంప్‌కో రెసిస్టర్. వేడికి ట్రాన్సిస్టర్ ఎంత మారితే ఇది కూడా అంతే మారి బ్యాలెన్స్ చేస్తుంది. నేను నలభై రూపాయల పార్ట్‌కి నాలుగు వందల షిప్పింగా అని మొదట మామూలు రెసిస్టర్ పెట్టేశాను. జనవరిలో బ్రహ్మాండంగా పనిచేసింది. మేలో విజయవాడలో మా ఇంటికి తీసుకెళ్ళాను. పొద్దున ట్యూన్ చేసి పెట్టాను. మధ్యాహ్నానికి గది పది డిగ్రీలు వేడెక్కింది. లెక్క వేసుకోండి: పది డిగ్రీలకి 3.3 శాతం, అంటే ఒక్కో ఆక్టేవ్‌కి 40 సెంట్లు తక్కువ. దాదాపు అర సెమీటోన్! రెండు ఆక్టేవ్‌లు పైకి వెళ్తే దానికి డబుల్.

మా అమ్మ పెళ్ళికి ముందు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. వంటింట్లోంచే అరిచింది, "ఏంటి నాన్నా అది, పైకి వెళ్తుంటే శ్రుతి జారిపోతోంది? దానికంటే నా శ్రుతిపెట్టె నయం కదరా." ఆసిలోస్కోప్ చెప్పలేని ఫాల్ట్ రిపోర్ట్ అది. "పైకి వెళ్తుంటే" అందంటే స్కేల్ ఎర్రర్ అన్నమాట. ఆ రాత్రే టెంప్‌కో ఆర్డర్ పెట్టా.

ఇప్పుడు అసలు కథ. జూన్‌లో మా ఫ్రెండ్ ఒకడు షార్ట్ ఫిల్మ్ తీశాడు. నాలుగు నిమిషాల బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ నేను చేస్తానని మాటిచ్చాను. గొప్పగా ఫీలై ఏడు మాడ్యూల్స్‌తో కూర్చున్నాను. వారం తిరిగేసరికి నా దగ్గర నాలుగు నిమిషాల స్కోర్ లేదు, ఎనిమిదో మాడ్యూల్ పీసీబీ ఉంది. నిజం! "ఈ సీన్‌కి ఒక సీక్వెన్సర్ ఉంటే బాగుండు" అనుకోగానే కంపోజ్ చేయడం ఆపేసి సీక్వెన్సర్ కట్టడం మొదలుపెట్టాను. ఇది డీఐవైలో ఉన్న అతి పెద్ద ప్రాబ్లమ్, ఎవరూ సరిగ్గా చెప్పరు. మ్యూజిక్‌లో ఇరుక్కుపోయినప్పుడు తప్పించుకోవడానికి సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ రెడీగా ఉంటుంది. సోల్డర్ చేస్తే కచ్చితంగా ఏదో ఒకటి పూర్తవుతుంది. ట్యూన్ విషయంలో ఆ గ్యారెంటీ లేదు. మనసు దేనివైపు వెళ్తుందో చెప్పక్కర్లేదు.

అప్పుడు తిట్టుకుని ఒక రెడీమేడ్ మాడ్యూల్ బయటికి తీశాను. అది మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ ప్లెయిట్స్ డిజైన్‌ని తీసుకుని వేరే చిన్న కంపెనీ తయారు చేసింది, ఏడాది ముందు ఇంపోర్ట్ చేయించుకున్నాను. కేస్‌లో బిగించి, పవర్ కేబుల్ పెట్టి స్విచ్ వేశాను. లైట్లు రాలేదు. చిన్న వాసన.

కేబుల్ నేనే క్రింప్ చేసుకున్నది. యూరోరాక్ రిబ్బన్ కేబుల్‌కి ఎర్ర గీత ఉన్న వైపు మైనస్ 12 ఉండాలి. నేను ఒక చివర కనెక్టర్ తిప్పి కొట్టాను. మాడ్యూల్‌కి ఉన్న సాకెట్ తప్పుగా పెట్టనివ్వదు, కానీ కేబులే తప్పుగా తయారైతే సాకెట్ ఏం చేస్తుంది? అంటే నా డీఐవై, నేను కొన్నదాన్ని చంపేసింది. కస్టమ్ రోమ్ ఫ్లాష్ చేస్తూ ఫోన్ బ్రిక్ చేసుకున్నవాళ్ళకి ఆ అయిదు సెకన్ల ఫీలింగ్ తెలిసే ఉంటుంది.

తయారు చేసిన కంపెనీకి మెయిల్ పెట్టాను. మర్యాదగానే రిప్లై ఇచ్చారు: పంపండి, చూస్తాం, రెండు వైపులా షిప్పింగ్ మీదే. వెళ్ళడానికి, రావడానికి, మళ్ళీ కస్టమ్స్‌లో ఇది రిపేరుకి వెళ్ళొచ్చిందే అని ఒప్పించడానికి అయ్యే ఖర్చు చూస్తే కొత్తది కొన్నంత పని. మన దగ్గర వీటికి సర్వీస్ సెంటర్ లేదు.

కానీ ప్లెయిట్స్ ఓపెన్ సోర్స్. మ్యూటబుల్ నడిపిన ఎమిలీ జిలే తన డిజైన్లలో చాలావాటి సర్క్యూట్లు, కోడ్ ఎవరైనా చూసుకునేలా పెట్టేసింది. 2022లో కంపెనీ మూసేసినా అందుకే ఆ మాడ్యూల్స్ ఇంకా పుడుతూనే ఉన్నాయి. స్కీమాటిక్ ప్రింట్ తీసి, మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను. ఏడాది కింద అయితే ఆ కాగితం నాకు మెట్రో మ్యాప్‌లా కనిపించేది. ఇప్పుడు పవర్ ఎక్కడ వస్తోంది, రెగ్యులేటర్ ఎక్కడ, దాని తర్వాత ఎంత ఉండాలి అని చదువుకుంటూ వెళ్ళగలిగాను. గంటన్నరలో తేలింది: ఒక రెగ్యులేటర్, ఒక ఆప్-ఆంప్ పోయాయి. ప్రాసెసర్ బతికే ఉంది.

పోయినవి ఆవగింజంత ఎస్‌ఎండీ పార్ట్స్. నా ఐరన్‌తో అయ్యేది కాదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కి వెళ్ళాను, ఫోన్ల బోర్డులు రిపేర్ చేసే ఒక కుర్రాడి దగ్గరికి. మాడ్యూల్ చూసి ఇదేంటని అడగలేదు. అడిగిన మొదటి మాట: "స్కీమాటిక్ ఉందా అన్నా?" తీసి ఇచ్చాను. ఏం మార్చాలో పెన్నుతో రౌండ్ చుట్టి ఉంది, పార్ట్స్ కూడా నేనే తీసుకెళ్ళాను. మైక్రోస్కోప్ కింద పెట్టి, హాట్ ఎయిర్‌తో పావుగంటలో మార్చేశాడు. మూడు వందలు తీసుకున్నాడు. ఆ కాగితాన్ని మాత్రం కాసేపు పట్టుకుని, "ఫోన్లకి ఈ బొమ్మ కోసం మేం ఎన్ని తిప్పలు పడతామో తెల్సా? మీకు కంపెనీనే ఇచ్చిందా?" అన్నాడు.

ఆ మాటతోనే నా ఒపీనియన్ సెట్ అయింది. ఎవరు సోల్డర్ చేశారన్నది పెద్ద విషయం కాదు. దాని స్కీమాటిక్ బయట ఉందా? ఉంటే దాన్ని చదవడం నాకు వచ్చా? ఈ రెండూ ఉంటే రెడీమేడ్ మాడ్యూల్ కూడా నాదే. ఇవి లేకపోతే నేను కిట్‌లో నంబర్లు చూసి గుడ్డిగా అంటించినది కూడా నాది కాదు. అది చచ్చిపోయిన రోజు నేనూ ఒక కస్టమర్‌నే, కస్టమర్ కేర్ లేని కస్టమర్‌ని.

అందుకే నన్ను అడిగితే ముందు లాప్‌టాప్‌లో వీసీవీ రాక్ పెట్టుకోండి. ఫ్రీ సాఫ్ట్‌వేర్, యూరోరాక్ మొత్తం స్క్రీన్ మీద. నెల రోజులు ఆడినా బోర్ కొట్టకపోతే అప్పుడు ఐరన్ కొనండి. మిక్సర్, వీసీఏ, ఒక వీసీఓ, ఈ మూడూ కట్టండి. మిక్సర్‌తో ఆప్-ఆంప్ వస్తుంది, వీసీఓతో ట్రాన్సిస్టర్ వస్తుంది, ఓపిక కూడా వస్తుంది. ఐసీలకి సాకెట్లు వేయండి. నా వీసీఓ ఒకసారి మూగబోతే టీఎల్072 పీకి కొత్తది పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. కిటికీ తెరిచి సోల్డర్ చేయండి, ఆ పొగ మంచిది కాదు. పవర్ సప్లై మాత్రం కట్టొద్దు, కొనండి. 230 వోల్ట్‌లతో నేర్చుకోవాల్సిన పాఠాలేం లేవు. మూడు అయ్యాక ఆపేసి, మిగతావి రెడీమేడ్‌గా, స్కీమాటిక్ బయట పెట్టేవాళ్ళ దగ్గరే కొనండి. స్పెక్స్ పేజీలో ఎల్‌ఈడీల గురించి పది లైన్లు రాసి సర్క్యూట్ గురించి ఒక్క లైన్ రాయని మాడ్యూల్‌ని, ఎంత అందంగా ఉన్నా, నేనైతే ఇక కొనను.

కట్టడమే గొప్ప అనుకునే డీఐవై బ్యాచ్‌కి ఒక్క మాట. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని రాగాలని డిస్కో బీట్ మీద వాయించి ఆల్బమ్ చేశాడు. ఏళ్ళ తర్వాత ప్రపంచం దాన్ని తవ్వి తీసి, యాసిడ్ హౌస్‌కి ముందే ఇంత పని ఎలా చేశాడని నోరెళ్ళబెట్టింది. ఆ మూడూ షాపులో దొరికిన మెషీన్లే.

ఇంతకీ షార్ట్ ఫిల్మ్ ఏమైందంటారా? రిపేర్ అయ్యేలోపు డెడ్‌లైన్ వచ్చేసింది. ప్లెయిట్స్ కోడ్ ఓపెన్ కాబట్టి వీసీవీ రాక్‌లో అదే మాడ్యూల్ మాక్రో ఆసిలేటర్ 2 అనే పేరుతో ఫ్రీగా ఉంది. రెండు రాత్రుల్లో స్కోర్ మొత్తం దానితోనే చేశాను. మా ఫ్రెండ్ ఇప్పుడు రెండో ఫిల్మ్ రాస్తున్నాడు. ఈసారి హార్డ్‌వేర్‌తోనే చేస్తానని చెప్పాను, నమ్మినట్టు కనిపించలేదు. ఎనిమిదో పీసీబీని ఆఫీసులో జూనియర్ ఒకడు అడిగితే పార్ట్స్‌తో సహా ఇచ్చేశాను. టెంప్‌కో రెసిస్టర్లు మాత్రం ఇవ్వలేదు. మేలో మా ఇంటి సంగతి నాకు తెలుసు.